కథలో మగవాడు ఎక్కడ కూర్చుంటాడు?

కిందటి నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. కథలో మగపాత్ర ఎలాంటివాడో తెలియాలంటే అతని డైలాగుల కంటే ముందు అతను ఏయే చోట్ల తిరుగుతున్నాడో, ఏ గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడో చూడండి అన్నాను. దాని మీద బరంపురం, రాయగడ, జయపురం, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చాలా వచ్చాయి. బడిలో ఒడియా చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళు ఇంత ఓపిగ్గా తెలుగులో టైప్ చేసి పంపారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి కొన్నిటికే జవాబిస్తున్నాను. కొందరు పేరు వెయ్యొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ వెయ్యలేదు.

ప్రశ్న (బరంపురం దగ్గర పల్లె నుంచి ఒక యువకుడు): మాస్టారూ, మా నాన్న చాలా ఏళ్ళు సూరత్‌లో పవర్‌లూమ్ పని చేసి వచ్చారు. ఊళ్ళో అందరికీ ఆయనంటే భయం, గట్టి మనిషి. ఆయన మీద కథ రాశాను. కొండ, ఏరు, పొద్దు పొడవడం అన్నీ వర్ణించి మొదలుపెట్టాను. ఒక పత్రికవాళ్ళు "కథలో స్థలం కలవలేదు" అని తిప్పి పంపేశారు. మా నాన్న మగతనానికీ స్థలానికీ ఏమిటి సంబంధం?

జవాబు: బాబూ, నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు అందులో నాలుగు చోట్ల కనిపిస్తారు: వీధి అరుగు మీద, టీ బడ్డీ దగ్గర, ఊరి పంచాయితీలో, కళ్ళంలో. నాలుగు చోట్లా ఆయన గొంతే పెద్దది. ఆయన ఎవరినైనా ఏదైనా అడిగి పుచ్చుకోవాల్సిన చోటు కథ మొత్తం మీద ఒక్కటీ లేదు. సూరత్ గురించి మాత్రం ఒకే వాక్యం, "అక్కడ కష్టపడి డబ్బు పంపేవాడు" అని. నా ఉద్దేశంలో నీ కథ ఉన్నది ఆ వాక్యంలోనే.

గంజాం జిల్లా నుంచి వెళ్ళినవాళ్ళ సూరత్ బతుకు మీ ఊళ్ళో ఏ ఇంటినడిగినా చెప్తారు. పన్నెండు గంటల షిఫ్టు. మగ్గాల హోరులో పక్కనున్నవాడి మాట వినపడదు, చేతి సైగలే. మెస్ గదిలో పగటి షిఫ్టువాళ్ళు లేచి వెళ్తే రాత్రి షిఫ్టువాళ్ళు వచ్చి అదే నేల మీద పడుకుంటారు. నీకంటూ ఒక గోడ, ఒక మూల ఉండవు. ఆ గదుల్లో వంట చేసేదీ, గిన్నెలు తోమేదీ, బట్టలుతికేదీ, జ్వరం వచ్చినవాడికి గంజి కాచి ఇచ్చేదీ అందరూ మగవాళ్ళే. ఊళ్ళో ఆడవాళ్ళ పని అని ముట్టుకోని పనులన్నీ అక్కడ వాళ్ళే చేసుకున్నారు. మరి మీ నాన్నగారు ఇంటికొచ్చాక మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తను ముంచుకోరని నీ కథలోనే రాశావు. అదే మనిషి, అవే చేతులు. మారింది చోటొక్కటే. ఇది పట్టుకోకుండా ఎంత కొండని వర్ణించినా ఏం లాభం?

ఈ సంగతి మనకి కొత్తదేం కాదు. 1719లో డేనియల్ డెఫో రాసిన రాబిన్సన్ క్రూసో కథ చాలామంది చిన్నప్పుడు సంక్షిప్తంగానైనా చదివే ఉంటారు. ఓడ మునిగి ఒంటరిగా ద్వీపంలో పడ్డ మనిషి. ఏం చేస్తాడు అక్కడ? మట్టితో కుండలు చేస్తాడు, రొట్టె కాలుస్తాడు, మేకల్ని పెంచి పాలు పితికి వెన్న తీస్తాడు, తోళ్ళతో బట్టలు కుట్టుకుంటాడు. ఊళ్ళో ఒక ఆడమనిషి రోజూ చేసే పనులే ఇవన్నీ. కానీ మూడు వందల ఏళ్ళుగా ప్రపంచం వాటిని మగవాడి సాహసంగా, స్వయంకృషిగా చదువుతోంది. చుట్టూ సముద్రం ఉండడం వల్ల, పక్కన ఆడమనిషి లేకపోవడం వల్ల రొట్టె కాల్చడం కూడా వీరత్వం అయిపోయింది. ఆ ద్వీపాన్ని తీసేసి అతన్ని లండన్‌లో ఒక వంటింట్లో నిలబెట్టి అవే పనులు చేయిస్తే ఆ నవల ఎవరైనా అలా చదివేవారా అని ఆలోచించు.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. ఆయన సూరత్‌లో ఉన్నన్నాళ్ళూ బ్యాంకుకి వెళ్ళిందీ, రేషన్ తెచ్చిందీ, కౌలు మాట్లాడిందీ, నీ పరీక్ష ఫీజు కట్టిందీ మీ అమ్మగారు. సెలవుకి వచ్చినప్పుడు ఆయన సొంత ఇంట్లో ఒక రకంగా చుట్టమే. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు, ఏ అప్పు ఎంత తీరిందో తెలీదు. ఇంటి లోపల తన చోటు ఏదో తేలని మనిషి అరుగు మీదికి వచ్చి కూర్చుని గొంతు పెంచుతున్నాడేమో. అది నిజమా కాదా నాకు తెలీదు, నీకు తెలిసి ఉండాలి, లేదా మీ అమ్మగారిని అడగాలి. కథని మళ్ళీ రాసేటప్పుడు పొద్దు పొడవడం తీసేసి మెస్ గదిలో షిఫ్టు మారే వేళతో మొదలుపెట్టు. ఆయన అరుగు మీద కూర్చునే సీను ఉంచు, దాన్ని ఇంటి లోపలి నుంచి ఒకసారి రాసి చూడు.

ప్రశ్న (రాయగడ నుంచి ఒక పాఠకురాలు): నమస్తే మాస్టారూ. మగవాళ్ళు రచ్చబండ దగ్గర, ఆడవాళ్ళు వంటింట్లో ఉండడం మన ఊళ్ళల్లో ఉన్నదే కదా. ఉన్నది రాస్తే రచయితని తప్పు పట్టడం ఎందుకు?

జవాబు: అమ్మా, ఉన్నది రాయొద్దని నేను అననే అనను. ఉన్నదాన్ని ఎంత దగ్గరగా చూసి రాశారన్నదే నా పేచీ. ఒడియా మీకు వచ్చు కాబట్టి ఫకీర్ మోహన్ సేనాపతి "ఛ మాణ ఆఠ గుంఠ" గుర్తు చేస్తాను. 1897లో ఒక పత్రికలో సీరియల్‌గా మొదలైన నవల. జమీందారు మంగరాజు ఒక సాలె దంపతుల భూమి కాజెయ్యడం అందులో అసలు కథ, అంటే కాగితాలూ కోర్టులూ అప్పులూ, అన్నీ మగవాళ్ళ ప్రపంచం. కానీ ఆ నవలలో ఊరి చెరువు గురించి ఒక అధ్యాయమే ఉంది. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు ఎవరింట్లో ఏం వండారు, ఎవరు ఎవరిని ఏమన్నారు అని మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ ఊళ్ళో దినపత్రిక ఉంటే దాని ఎడిటర్ కాగితం పెన్సిల్ పట్టుకుని ఆ గట్టున కూర్చుంటే చాలు, వార్తలకి కొదవుండదు అనే అర్థంలో కథకుడు అంటాడు. అందులో హాస్యం ఉంది, కాదనను, కానీ ఆ రోజుల్లోనే ఒక రచయిత చెరువు గట్టుని కోర్టు కచేరీతో పాటు లెక్కలోకి తీసుకున్నాడు. ఆయన రాసిందీ ఉన్నదే.

రెండో సంగతి. "మగవాళ్ళ చోటు" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అది మగవాళ్ళందరిదీ కాదు. రావిశాస్త్రి "అల్పజీవి"లో సుబ్బయ్య విశాఖపట్నంలో గుమాస్తా. ఆఫీసుకి వెళ్తాడు, వీధిలో నడుస్తాడు, ఇంటికి వస్తాడు, అంటే మీరన్న బయటి ప్రపంచం అంతా అతనిదే. కానీ అధికారి ముందూ, బావమరిది ముందూ, కాంట్రాక్టరు గవరయ్య ముందూ అతను కుంచించుకుపోతూనే ఉంటాడు. గవరయ్య ఛాతీ విరుచుకుని నడిచే వీధిలోనే సుబ్బయ్య గోడ వారగా నడుస్తాడు. ఒకే వీధి ఇద్దరికీ ఒకలా ఉండదని రావిశాస్త్రి 1950ల తొలి ఏళ్ళలోనే చూపించారు. కాళీపట్నం రామారావు "యజ్ఞం"లో అయితే ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఊరు, మనకి పక్కనే. దళితుడైన అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ. పెద్దమనుషులకి ఆ పంచాయితీ పెద్దరికం చూపించుకునే చోటు. అప్పల్రాముడికి అదే చోట తను ఇంటికి పెద్దననే మాట కూడా నిలవదు. తండ్రి నుంచి కొడుక్కీ, కొడుకు నుంచి మనవడికీ దిగే అప్పుని తెంచడానికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు కన్నకొడుకునే చంపేసే దాకా పోతుంది. వంశానికి మగపిల్లాడు అనే మాటకి ఆ చోట మిగిలిన అర్థం అప్పుకి వారసుడు అని మాత్రమే. ఇవన్నీ "ఉన్నది" రాసిన కథలే కదమ్మా.

ఇక చోటు మార్చేస్తే అన్నీ మారిపోతాయని కూడా నేను అనను. చలం 1927లో "మైదానం"లో రాజేశ్వరిని ప్లీడరు భార్యగా ఉన్న ఇంట్లోంచి బయటికి తెచ్చి ఆరుబయట మైదానంలో అమీర్‌తో కాపురం పెట్టించారు. గోడ లేదు, వంటిల్లు లేదు, అత్తవారు లేరు, పేరంటాలు లేవు. అంత స్వేచ్ఛ ఉన్న చోట కూడా ఆమె కడుపుతో ఉందని తెలిసినప్పుడు బిడ్డ వద్దని పట్టుబట్టింది అమీరే. గోడలు కూలిస్తే మగవాడి అధికారం దానంతటదే పోతుందని అనుకునేవాళ్ళు ఆ భాగం మళ్ళీ చదవాలి. నవల మీద జరిగిన గొడవంతా ఆమె ఇల్లు దాటడం మీదే నడిచింది, ఈ సంగతి గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. నాకు అది బాధగా ఉంటుంది.

ప్రశ్న (జయపురం నుంచి): సార్, తెలుగు సీరియల్ నవలల్లో, సినిమాల్లో మా ఏజెన్సీ అంటే ఒకటే మూస. జీపులో కొత్త ఆఫీసరు దిగుతాడు, సారా, డప్పులు, కొండపిల్ల, చివర్లో హీరో విలన్‌ని కొడతాడు. రాయలసీమ అయితే వేటకొడవళ్ళు, సుమోలు. చోటు పేరు చెప్పగానే ఎలాంటి మగవాడు వస్తాడో తెలిసిపోతోంది. దీని మీద మీరేమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. అక్కడ కొండ ఉన్నది హీరో ఎక్కడానికి, అడవి ఉన్నది అతను భయపడకపోవడానికి, కొండమనిషి ఉన్నది అతనికి దండం పెట్టడానికి. ఆ కొండమీద పుట్టిన మగవాడికి ఆ కథలో రెండే వేషాలు ఇస్తారు, తాగుబోతు లేదా అమాయకుడు. రాయలసీమ విషయంలోనూ అంతే. 1990ల చివర్లో మొదలై చాలా ఏళ్ళు నడిచిన ఫ్యాక్షన్ సినిమాల వరస చూసి, అక్కడ బోరు ఎండిపోయి వేరుశనగ పోయిన రైతు కూడా ఒకడుంటాడని బయటివాళ్ళు మర్చిపోయారు. ఎండిన నేల కనపడగానే పగ అని చదవడం మనకి అలవాటు చేశారు.

నువ్వున్న కోరాపుట్ నేల మీదే దీనికి జవాబు రాసిన నవల ఉంది. గోపీనాథ్ మహాంతి "పరజా", 1945. సుక్రు జాని అనే తండ్రి, పరజా అనే కొండజాతివాడు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పోడు పెంచుకోవాలి, కొడుకులకి పెళ్ళిళ్ళు చెయ్యాలి, నాలుగు ఇళ్ళు లేవాలి, అదే అతని కల, అతని దృష్టిలో మగవాడి జీవితం అంటే అదే. ఫారెస్టు గార్డు ఒకడు సుక్రు కూతురు జిలి మీద కన్నేస్తాడు, తండ్రి ఒప్పుకోడు. అప్పుడు గార్డు కత్తి తీయడు, చట్టం తీస్తాడు. చెట్లు కొట్టావని జరిమానా. జరిమానాకి సావుకారు దగ్గర అప్పు, అప్పుకి గోతి, అంటే వెట్టి చాకిరీ, తనతో పాటు కొడుకులు కూడా. కూతురు జిలి చివరికి ఆ సావుకారు పంచనే చేరుతుంది. నాకు ఈ నవలలో గొప్పగా అనిపించేది ఇదే: ఆ కొండ మొదట్లో ఎంత అతనిదిగా ఉంటుందో, కాగితం మీద అది ఎవరిదో తెలిసేకొద్దీ ఆ మనిషి అంత చిన్నవాడైపోతాడు. చివర్లో గొడ్డలి లేస్తుంది, సావుకారు చస్తాడు. కానీ సినిమాలోలాగ ఆ దెబ్బతో ఎవరూ వీరులైపోరు. తండ్రీ కొడుకులు నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళి లొంగిపోతారు.

నువ్వు కథలు రాస్తావని నీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. అయితే ఇప్పటి కోరాపుట్ రాయి. మాచ్‌ఖండ్, కొలాబ్ డ్యాముల నీళ్ళ కింద పొలం పోయినవాళ్ళ మనవలు ఉన్నారు. దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగి, కాంట్రాక్టు కూలీ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు, ఇద్దరి నడకలో తేడా చూడు. జయపురం లారీ షెడ్డుల్లో రాత్రిళ్ళు పనిచేసే క్లీనరు కుర్రాడు "మగాడిలా ఉండరా" అనే మాట రోజుకి ఎన్నిసార్లు వింటాడో కనుక్కో. జిలి ఆ సావుకారు ఇంట్లోంచి చూస్తే కొండ ఎలా ఉంటుందో కూడా ఎవరైనా రాయాలి, అది నువ్వే ఎందుకు రాయకూడదు?

ప్రశ్న (ఛత్రపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): దండనాట నేపథ్యంలో కథ రాస్తున్నా సార్. హీరో మొక్కుకుని దండువా అవుతాడు. ఎండలో ఇసుక, నీళ్ళు, నిప్పు, అన్నీ తట్టుకుని మగాడు అనిపించుకుంటాడు. బాగుంటుందా?

జవాబు: చోటు చాలా బాగుంది. మన పాఠకుల్లో చూడనివాళ్ళ కోసం రెండు మాటలు: చైత్రంలో, విషువ సంక్రాంతితో ముగిసేలా పదమూడు రోజులో ఇరవైఒక్క రోజులో మగవాళ్ళు వ్రతం పట్టి ఊరూరా తిరుగుతారు, వాళ్ళనే దండువాలంటారు. ఇంటికి దూరంగా ఉంటారు, మడిగా వండుకుని ఒంటిపూట తింటారు. పగలు మండే నేల మీద దుమ్ములో చేసే ధూళి దండం, చెరువు నీళ్ళలో చేసే పాణి దండం, రాత్రి వేషాలు, పాటలు. ఆ వేషాల్లో ఆడవేషాలూ మగవాళ్ళే కడతారు.

నువ్వు దీన్ని ఓర్పు పరీక్ష కింద ఒక్కటే చూస్తున్నావు. ఆ ఇరవైఒక్క రోజుల్లో నీ హీరో వండుకుంటాడు, చీర కట్టుకుంటాడు, ఏడుపు పాట పాడతాడు, పక్కవాడి కాళ్ళకి నూనె రాస్తాడు. మామూలు రోజుల్లో వీటిలో ఏ ఒక్కటి చేసినా ఊళ్ళో నవ్వుతారు. దేవుడి పేరు ఉన్నందుకు ఆ చోట అన్నీ చెల్లుతున్నాయి. నిప్పుని తట్టుకోవడం కంటే ఇది నాకు పెద్ద విషయంగా కనిపిస్తోంది. ఆడవేషం కట్టిన రాత్రి తర్వాత తెల్లవారి ఆ కుర్రాడు ఏం ఆలోచిస్తాడో రాయి. వ్రతం పట్టింది ఎవరి కోసమో, ఆ మనిషి ఇంటి దగ్గర ఏం చేస్తోందో కూడా ఒక పేజీ అయినా ఉండాలి.

ప్రశ్న (గుణుపురం నుంచి): మగపాత్రని వంటింట్లో పెట్టేస్తే కథ అభ్యుదయంగా ఉంటుందా?

జవాబు: ఉండదు. వంటింట్లో అతను వండుతుంటే అందరూ చుట్టూ నిలబడి మెచ్చుకునే కథలు ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి, అవి ఆ గదిని కూడా అతని స్టేజీ చేసేశాయి. అతను అక్కడ ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తాడో రాయండి.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక ఉపాధ్యాయురాలు): మాస్టారూ, తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ విషయం ఎలా చెప్పమంటారు? మగతనం అనే మాట ఎత్తితే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి, నాకు టెన్షన్.

జవాబు: ఆ మాట ఎత్తకండమ్మా, అవసరమే లేదు. ముందు ప్రతి ఒక్కర్నీ వాళ్ళ ఇల్లూ వీధీ బొమ్మ గియ్యమనండి. నాన్న కూర్చునే చోటు ఒక రంగు, అమ్మ కూర్చునే చోటు ఇంకో రంగు. అమ్మ కూర్చునే చోటు అనగానే చాలామంది పెన్సిల్ పట్టుకుని ఆలోచనలో పడతారు, వాళ్ళని తొందరపెట్టకండి. పాలేరు ఎక్కడిదాకా వస్తాడు, కొత్తల్లుడు ఎక్కడ కూర్చుంటాడు, అన్నయ్య రాత్రి ఎన్ని గంటలదాకా బయట ఉండొచ్చు, అక్క ఎన్ని గంటలదాకా ఉండొచ్చు, ఇవి కూడా గుర్తు పెట్టమనండి. ఇంటి విషయాలు చెప్పుకోవడం ఇష్టం లేని పిల్లలు ఉంటారు, వాళ్ళు ఊహించిన ఇల్లు గీసినా ఒప్పుకోండి.

తర్వాత వాళ్ళ పాఠంలోని ఒక కథ తీసుకుని అదే బొమ్మ గీయించండి. కథలో మగపిల్లలు ఏరు దాకా, మామిడితోట దాకా తిరిగితే ఆడపిల్ల ఎంత దూరం పోయిందో స్కేలుతో కొలవమనండి. పిల్లలకి కొలవడం ఇష్టం.

మీ ఊళ్ళో ఇంకో మంచి చోటు ఉంది. రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. ఆ రైల్లో ఎక్కిన తాతల కథలు మీ క్లాసులో సగం మంది చెప్పగలరు. ఇంజను దగ్గర ఎవరున్నారు, బొగ్గు ఎవరు వేశారు, టికెట్ లేకుండా ఎవరు దూకారు, అన్నీ చెప్తారు. అదే రైలు గురించి నాయనమ్మలని అడిగి రమ్మనండి. పుట్టింటికి వెళ్ళినప్పుడు పెట్టె మీద కూర్చున్నామనీ, కిటికీ పక్క మగవాళ్ళే కూర్చునేవారనీ, ఎవరూ తోడు లేకుండా ఒకసారి వెళ్ళొచ్చాననీ, ఏదైనా రావచ్చు. రెండు రకాల కథలూ పక్కపక్కన బోర్డు మీద పెట్టి, ఒకే రైలు ఇంత వేరుగా ఎందుకుందో పిల్లల్నే చెప్పమనండి. మంచివి వస్తే పిల్లల పేర్లు తీసేసి నాకు పంపండి, వచ్చే సంచికల్లో రెండు మూడు వేద్దాం.